తప్పు చేస్తే ఏమవ్వాలి? ఫార్ములా వన్ ట్రాక్ నుంచి మన రోడ్ల దాకా

2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. దానికి ఐదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో భారతీయ డ్రైవర్లకు ఇప్పటిదాకా వచ్చిన పాయింట్లు అవే. వినడానికి బాగుంది కదా? కానీ ఆ రోజు రేసులో నిజంగా పరిగెత్తిన కార్లు ఆరంటే ఆరే.

మిగతా 14 కార్లు ఏమయ్యాయి? అంతకుముందు శుక్రవారం ప్రాక్టీసులో 13వ మలుపు దగ్గర రాల్ఫ్ షుమాకర్ కారు టైరు దెబ్బతిని గోడకు కొట్టుకుంది. ఆ మలుపులో కార్లు చాలా వేగంగా వెళతాయి, ట్రాక్ ఒక పక్కకు వాలుగా ఉంటుంది. అక్కడ తమ టైర్లు పూర్తి రేసు తట్టుకోలేవని మిషెలిన్ కంపెనీయే చెప్పేసింది. మలుపుకు ముందు వేగం తగ్గేలా ఒక వంకర, అంటే షికేన్, పెట్టమని జట్లు అడిగాయి. ఎఫ్ఐఏ ఒప్పుకోలేదు. దాంతో మిషెలిన్ టైర్లున్న 14 కార్లు ఒక్క ఫార్మేషన్ ల్యాప్ తిరిగి, నేరుగా పిట్‌లోకి వెళ్ళి ఆగిపోయాయి.

ఈ రేసు గురించి ఇప్పటికీ రెండు వాదనలు నడుస్తుంటాయి. ఒకటి, కార్తికేయన్ నాలుగో స్థానాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా. రెండు, ఆ మలుపును మార్చి ఉండాల్సిందా. మొదటిది డ్రైవర్ గురించి, రెండోది ట్రాక్ గురించి. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలిస్తే జీఎస్-3లోనూ, ఎథిక్స్ పేపర్లోనూ మీకు చాలా ఉపయోగం. అందుకే సిలబస్‌లో ఎక్కడా లేని ఫార్ములా వన్ మీద ఈ వారం పోస్టు.

సీటు ఎవరిది?

ద్వారకలో మేం ముగ్గురం తెలుగువాళ్ళం ఒక ఫ్లాట్‌లో ఉండి ప్రిపేర్ అవుతున్నాం. యూరప్‌లో జరిగే రేసులు ఎక్కువగా మనకు ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి. వారమంతా చదివినందుకు మేం పెట్టుకున్న విరామం అదొక్కటే. రేసు రెండు గంటల్లో అయిపోతుంది కానీ వాదన మాత్రం పడుకునేదాకా సాగుతుంది. ఆ వాదనలో ముప్పావు వంతు సీట్ల గురించే. ఏ జట్టు ఎవరిని తీసేస్తుంది, ఎవరిని తెచ్చుకుంటుంది, ఎవరికి ప్రతిభ ఉంది, ఎవరు డబ్బుతో సీటు కొనుక్కున్నారు.

మనవాళ్ళ విషయంలో ఈ చర్చకు సరుకు ఎప్పుడూ తక్కువ కాలేదు. ఫోర్స్ ఇండియా జట్టు 2008 నుంచి 2018 దాకా నడిచింది. పేరులోనే ఇండియా ఉన్నా ఒక్క రేసులో కూడా భారతీయుడికి సీటు ఇవ్వలేదు. 2011 అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగినప్పుడు కరుణ్ చందోక్‌కు దక్కింది శుక్రవారం ప్రాక్టీసు మాత్రమే, రేసు కాదు. కార్తికేయన్ హెచ్ఆర్‌టీ కారులో 17వ స్థానంలో ముగించాడు. పదకొండేళ్ళు దాటాక, 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. గ్రిడ్‌లో 22 కార్లున్నా నడిపినవాళ్ళలో మనవాడు ఒక్కడూ లేడు.

మనలాంటి వాళ్ళకు ఈ సీట్ల గోల ఎందుకు ఎక్కుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2026 నుంచి ఫార్ములా వన్‌లో 11 జట్లు, 22 సీట్లు. సివిల్ సర్వీసెస్‌లో 2025 నోటిఫికేషన్ ప్రకారం 979 పోస్టులు, పోటీపడేవాళ్ళు లక్షల్లో. సీటు ఎవరికి అన్న ప్రశ్న మన ఒంట్లో ఇంకిపోయింది. ఎక్కడ ఏ వ్యవస్థను చూసినా మనం మొదట అడిగేది అదే: అక్కడ కూర్చున్నవాడు సరైనవాడేనా?

ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ మోటార్ రేసింగ్‌లో ప్రాణాలు నిలిపింది ఆ ప్రశ్న కాదు.

జారితే ఏమవుతుంది?

తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీ మొదలయ్యే ముందు ఒక నిమిషం మౌనం పాటించారు. రెండు వారాల క్రితం, అక్టోబర్ 16న, లాస్ వేగస్‌లో ఇండీకార్ డ్రైవర్ డాన్ వెల్డన్ చనిపోయాడు. వారం క్రితం, అక్టోబర్ 23న, మలేషియాలోని సెపాంగ్‌లో మోటోజీపీ రైడర్ మార్కో సిమోంచెల్లి చనిపోయాడు. ఇద్దరూ అనుభవం లేనివాళ్ళు కాదు. వెల్డన్ రెండుసార్లు ఇండియానాపొలిస్ 500 గెలిచినవాడు.

ఇంకో సంఘటన చూడండి. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు ఇదే కీలకం. 2014 అక్టోబర్ 5, జపాన్‌లోని సుజుకా. వాన పడుతోంది. ఒక మలుపులో అడ్రియన్ సూటిల్ కారు జారి బయటికి వెళ్ళింది. దాన్ని తీయడానికి క్రేన్ వచ్చింది. డ్రైవర్లందరికీ పసుపు జెండాలు రెండు చూపిస్తున్నారు, అంటే బాగా నెమ్మదించాలి, అవసరమైతే ఆగడానికి కూడా సిద్ధంగా ఉండాలి. తర్వాతి ల్యాప్‌లో అదే మలుపులో జూల్ బియాంకీ కారు జారి సూటిగా ఆ క్రేన్ కిందికి దూసుకుపోయింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జూలై 17న, పాతికేళ్ళ వయసులో, అతను చనిపోయాడు.

ఎఫ్ఐఏ ఒక విచారణ కమిటీ వేసింది. పసుపు జెండాలు ఉన్నా బియాంకీ కావలసినంతగా వేగం తగ్గించలేదని ఆ కమిటీ తేల్చింది. మన దగ్గరైతే ఫైలు అక్కడే మూసేస్తారు. కారణం దొరికింది, డ్రైవర్ తప్పు, ఇంకేముంది?

అక్కడ మాత్రం ఫైలు మూయలేదు. ప్రమాదం జరిగిన చోట ఎంత నెమ్మదించాలన్నది డ్రైవర్ ఇష్టానికి వదిలేస్తే, పోటీలో ఉన్న ఎవడైనా పక్కవాడికంటే కాస్త తక్కువే తగ్గిస్తాడు. అది బియాంకీ ఒక్కడి లోపం కాదు, పోటీ స్వభావమే అంత. అందుకని ఆ నిర్ణయాన్ని డ్రైవర్ చేతిలోంచి తీసేశారు. 2015 నుంచి వర్చువల్ సేఫ్టీ కార్ వచ్చింది. అది అమల్లో ఉన్నంతసేపు ట్రాక్ మొత్తం మీద అందరూ నిర్ణయించిన వేగానికి లోబడే వెళ్ళాలి. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకటే నియమం కాబట్టి నెమ్మదించడం వల్ల నష్టపోతానన్న భయం ఎవరికీ ఉండదు.

2018లో కాక్‌పిట్ పైన హేలో అనే టైటానియం చట్రం తప్పనిసరి చేశారు. దాదాపు 12 టన్నుల భారాన్ని తట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు. అప్పుడు అభిమానుల్లో సగం మంది గొడవ చేశారు. కారు అందం పోయింది, ఓపెన్ కాక్‌పిట్ రేసింగ్ ఆత్మ పోయింది అన్నారు. దాన్ని వ్యతిరేకించిన డ్రైవర్లలో రొమాన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో, మొదటి ల్యాప్‌లోనే, పక్క కారును గమనించకుండా అడ్డంగా వచ్చి గార్డ్ రైలును ఢీకొట్టింది ఆ గ్రోజానే. కారు రెండు ముక్కలైంది, మంటలు లేచాయి. రైలును చీల్చుకుని లోపలికి పోయిన కారులో అతని తలను కాపాడింది హేలోనే. అర నిమిషంలోపే తనంతట తాను మంటల్లోంచి బయటికొచ్చాడు. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. హేలో గురించి తన అభిప్రాయం మారిందని తర్వాత అతనే చెప్పాడు.

ఆ ప్రమాదంలో తప్పు ఎవరిదని అడిగితే జవాబు సులభం. కానీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఇంకెవరో వేరే ప్రశ్న అడిగారు కాబట్టే గ్రోజాన్ బతికున్నాడు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తారు, చేసినప్పుడు ఏమవ్వాలి?

తప్పుకు ధర ఉండాలా?

ఇక్కడ మీకొక సందేహం రావాలి. అన్నీ ఇంత భద్రంగా చేసేస్తే జాగ్రత్త తగ్గిపోదా? తప్పు చేసినా ఏం కాదంటే తప్పులు పెరగవా?

ఈ వాదన రేసింగ్‌లో నిజంగానే ఉంది. పూర్వం మలుపుల బయట కంకర పోసేవాళ్ళు. కారు అందులోకి వెళితే కూరుకుపోతుంది, రేసు పోతుంది. తర్వాత చాలా చోట్ల దాని బదులు తారు పరిచారు. దాని మీద బ్రేకులు పడతాయి, స్టీరింగ్ మాట వింటుంది, కాబట్టి అది మేలన్నారు. కానీ డ్రైవర్లు ఆ తారును ట్రాక్‌లో భాగంగా వాడుకోవడం మొదలుపెట్టారు. 2023లో ఆస్ట్రియా రేసులో గీత దాటినట్టు అనుమానమున్న సందర్భాలు 1,200కు పైగా వచ్చాయి. రేసు అయ్యాక గంటల తరబడి లెక్కలు చూసి పెనాల్టీలు వేయాల్సొచ్చింది. మరుసటి ఏడాది చివరి రెండు మలుపుల బయట సన్నని కంకర పట్టీ వేశారు. గీత దాటినవాడు టైము పోగొట్టుకుంటాడు. అంతే. ప్రాణాపాయం లేదు, కమిటీ కూర్చోనక్కర్లేదు, సమస్య చాలావరకు తీరింది.

కాబట్టి తప్పుకు ధర ఉండొద్దని ఎవరూ అనడం లేదు. ధర ఉండాలి, అది తప్పుకు తగ్గట్టు ఉండాలి. ఒక సెకను, ఒక స్థానం, ఒక రేసు దాకా పరవాలేదు. ప్రాణం ఎక్కువ.

ఎథిక్స్ పేపర్లో శిక్షలో అనుపాతం గురించి రాయాల్సి వస్తే ఈ కంకర పట్టీ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి.

ఒకే కంపెనీ, రెండు దారులు

ఇప్పుడు ట్రాక్ గేటు దాటి బయటికి రండి. బుద్ధ్ సర్క్యూట్ యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే ఉంది. రెండింటినీ కట్టింది ఒకే గ్రూపు, జేపీ. ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు, 2011లో సిద్ధమైంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్లు, 2012 ఆగస్టులో తెరిచారు. ట్రాక్ మీద కార్లు గంటకు 300 కిలోమీటర్ల పైన వెళ్ళాయి. 2011, 2012, 2013లో మూడు గ్రాండ్ ప్రీలు జరిగాయి, మూడూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు, ఒక్క డ్రైవరుకూ పెద్ద గాయం కాలేదు.

ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లకు పరిమితి గంటకు 100. అక్కడ 2019 జూలై 8 తెల్లవారుజామున లక్నో నుంచి ఢిల్లీ వస్తున్న బస్సు ఆగ్రా దగ్గర వంతెన మీద నుంచి కాలువలో పడి 29 మంది చనిపోయారు. డ్రైవర్ నిద్రపోయి ఉంటాడన్నారు. ఉండొచ్చు. రాత్రంతా బస్సు నడిపే మనిషికి ఏదో ఒక రోజు తెల్లవారుజామున కన్ను మూతపడుతుంది. మూతపడిన ఆ రెండు సెకన్లకు ధర 29 ప్రాణాలు కావాలా, లేక ఒక బారియర్‌కు రాసుకుపోయిన బస్సు పక్కభాగం కావాలా? అది డ్రైవర్ తేల్చేది కాదు, రోడ్డు కట్టేవాళ్ళు తేల్చేది.

మా రూమ్మేట్ ఒకడు ఈ పోలిక ఒప్పుకోడు. "ఐదు కిలోమీటర్ల ట్రాకులో ఇరవై కార్లకు అన్ని హంగులూ పెట్టొచ్చు రా. దేశంలో 63 లక్షల కిలోమీటర్ల రోడ్లకు ఎక్కడ పెడతావు?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. మెయిన్స్‌లో ఎగ్జామినర్ కూడా ఇదే అనుకుంటాడు. దీనికి జవాబు అంకెల్లోనే ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతమే, మరణాల్లో వాటి వాటా మాత్రం దాదాపు 36 శాతం. ఆ 2 శాతంలోనూ ప్రమాదాలు పదేపదే జరిగే బ్లాక్ స్పాట్లు వేరే గుర్తించి ఉన్నాయి. అంటే 63 లక్షల కిలోమీటర్లూ ఒకేసారి బాగుచేయనక్కర్లేదు. 13వ మలుపు ఎక్కడుందో మనకు తెలుసు, అక్కడ మొదలుపెట్టాలి.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఆ మరణాల్లో 71 శాతానికి కారణం అతివేగం అని. ఈ అంకెను ప్రతి కోచింగ్ నోట్సులో చూస్తారు. దాన్ని ఆన్సర్లో రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఈ కారణం ఎక్కడినుంచి వస్తుంది? ప్రమాదం జరిగాక పోలీసులు నింపే కాగితం నుంచి. నేను బీటెక్ సివిల్ చదివాను. రోడ్డుకు డిజైన్ స్పీడ్ అని ఒకటి ఉంటుందని, ఎదురుగా ఎంత దూరం కనిపించాలో దాన్నిబట్టే లెక్కగడతారని మూడో సంవత్సరంలోనే చెబుతారు. వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు వేగంగా పొమ్మని చెబుతుంది, పక్కనున్న బోర్డు వద్దంటుంది. మనిషి రోడ్డు మాటే వింటాడు. ద్వారక సెక్టార్ రోడ్లు అలాంటివే. రాత్రి పన్నెండు దాటాక పుస్తకం ముందు కూర్చుంటే బైకుల మోత మా నాలుగో అంతస్తు దాకా వినిపిస్తుంది.

మా ఇంట్లో మాట

ఈ అంకె నాకు కేవలం అంకె కాదు. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా చనిపోయాడు. రాత్రి పదిన్నరకు డ్యూటీ నుంచి బైకు మీద ఇంటికి వస్తున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు. హైవే పక్కన, సగం రోడ్డు మీద, లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీని వెనకనుంచి గుద్దాడు. అక్కడ లారీలు ఆపుకోవడానికి వేరే చోటు లేదు, వీధి దీపం లేదు. కాగితంలో అతివేగం అని రాశారు. మా బంధువులూ ఆ మాటే అన్నారు, "కుర్రాడు కదా, స్పీడుగా వచ్చుంటాడు" అని. పెదనాన్న ఇప్పటికీ, "వాడు కాస్త చూసుకుని రావాల్సింది రా" అంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు సుజుకా గుర్తొస్తుంది. అన్నయ్య ఎంత వేగంతో వచ్చాడో ఎవరూ కొలవలేదు. వేగంగానే వచ్చాడనుకుందాం. ఆ వేగానికి శిక్ష ఒక చలానా కావాలి. కొడుకు పోయిన తండ్రి, కొడుకుదే తప్పనే మాట కూడా మోస్తూ బతకాల్సి రావడం రెండో శిక్ష. అదే చోట ఇప్పటికీ లారీలు ఆగుతున్నాయి. కారణం దొరికింది కదా, ఇంకేం మార్చాలి?

మనకు దగ్గరగా జరిగినదాన్నీ ఇలాగే చూడండి. 2024 జూలై 27న ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీళ్ళు దూసుకొచ్చి మనలాంటి ముగ్గురు చనిపోయారు. తర్వాత అరెస్టయినవాళ్ళలో నీళ్ళు నిలిచిన ఆ వీధిలో కారు నడిపిన ఒక డ్రైవర్ కూడా ఉన్నాడు. కారు వెళ్ళినప్పుడు లేచిన అలకు గేటు విరిగిందని అన్నారు. ఢిల్లీ హైకోర్టు ఆ తీరును తప్పుపట్టి కేసును సీబీఐకి అప్పగించింది. వాన పడితే వీధి చెరువెందుకవుతోంది, సామాన్లకని అనుమతిచ్చిన బేస్‌మెంట్‌లో పిల్లలెందుకు చదువుతున్నారు అన్న ప్రశ్నల కంటే, కారు ఎవరు నడిపారన్న ప్రశ్నకు జవాబు త్వరగా దొరుకుతుంది. త్వరగా దొరికే జవాబుతో సరిపెట్టుకోవడమే మన జబ్బు.

ఆన్సర్లో ఎలా వాడాలి

రోడ్డు భద్రత మీద ప్రశ్న వస్తే చాలామంది "ప్రజల్లో అవగాహన పెంచాలి" అని మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. అవగాహన అవసరమే. హెల్మెట్, సీటు బెల్టు, తాగి నడపకపోవడం, వీటికి మినహాయింపు లేదు. కానీ ప్రభుత్వం చెప్పే నాలుగు 'ఈ'లలో ఎడ్యుకేషన్ ఒకటి మాత్రమే. ఇంజినీరింగ్, ఎన్‌ఫోర్స్‌మెంట్, ఎమర్జెన్సీ కేర్ కూడా ఉన్నాయి. కింది అంశాలు కలపండి.

స్వీడన్ పార్లమెంటు 1997లో విజన్ జీరో ఆమోదించింది. మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు ప్రాణం పోకుండా రోడ్డును కట్టాలి అన్నది దాని మూలం. మన దగ్గర 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో 198ఎ సెక్షన్ వచ్చింది. భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు డిజైన్ చేసిన, కట్టిన, నిర్వహించిన వాళ్ళ వల్ల ప్రాణం పోతే లక్ష రూపాయల దాకా జరిమానా. మొత్తం చిన్నదే, కానీ తప్పు డ్రైవర్‌ది మాత్రమే కానక్కర్లేదని చట్టం మొదటిసారి ఒప్పుకుంది.

ఇంకో మంచి ఉదాహరణ. 1994 మే 1న ఇమోలాలో అయర్టన్ సెన్నా చనిపోయాడు, ముందు రోజు రోలాండ్ రాట్జెన్‌బర్గర్. ఆ తర్వాత భద్రత మీద పెద్ద మార్పులు తెచ్చిన ఎఫ్ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీయే 1997లో యూరో ఎన్‌క్యాప్‌కు తొలి ఛైర్మన్ అయ్యాడు. మామూలు కార్లను గోడకు గుద్ది స్టార్లు ఇచ్చే పద్ధతి అది. 2023 అక్టోబర్ 1 నుంచి మన భారత్ ఎన్‌క్యాప్ చేస్తున్నదీ అదే పని. రేసు ట్రాక్ మీద మొదలైన ప్రశ్న మనం కొనే కారు దాకా వచ్చింది. కారు కింద ఉన్న రోడ్డు దాకా ఇంకా రావాలి.

చివరిగా ఒక మాట. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి సాధారణంగా అధ్యక్షత వహించేది కలెక్టరు. మనలో ఒకరిద్దరైనా ఆ కుర్చీలో కూర్చుంటారు. ముందు ఒక ఫైలు వస్తుంది, అందులో కారణం దగ్గర అతివేగం అని రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ చోటికి ఒకసారి రాత్రిపూట వెళ్ళి చూడండి.

ఈ వారం ప్రశ్న: "రోడ్డు ప్రమాదాలకు డ్రైవర్ల నిర్లక్ష్యమే ప్రధాన కారణమన్న అభిప్రాయం భద్రతా చర్యలను ఎలా పరిమితం చేస్తుంది? విమర్శనాత్మకంగా పరిశీలించండి." 15 మార్కులు, 250 పదాలు. మీ ఊరి దగ్గర మీకు తెలిసిన ఒక బ్లాక్ స్పాట్‌ను ఉదాహరణగా తీసుకుని, టైము పెట్టుకుని రాయండి. వచ్చే ఆదివారం, రేసు మొదలయ్యేలోపు.